డెల్టా చేలో న్యూట్రాన్ ప్రోబ్‌తో తేమ కొలవడం: గొట్టం దించడం నుంచి లెక్క తేలేదాకా

నేలలో తేమ ఎంతుందో తెలియాలంటే మట్టి తీసి, తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూచాలి. అసలైన పద్ధతి అదే. దాంతో ఒక చిక్కుంది: ఒకసారి మట్టి తీసిన చోట మళ్ళీ కొలవలేం. వారం పోయాక పక్కన ఇంకో గుంట తీస్తే, వచ్చిన తేడా వారంలో ఆరిన తేమదా, రెండు గుంటల మట్టిలో ఉన్న తేడాదా అన్నది తేలదు. గోదావరి డెల్టాలో సార్వా వరి కోతకు ముందే చల్లిన మినుము, పెసర పూర్తిగా నేలలో మిగిలిన పదును మీదే బతుకుతాయి. ఆ పదును ఏ లోతున ఎంత తగ్గిందో మిల్లీమీటర్లలో తెలియాలంటే అదే చోట, అదే మట్టిని కదపకుండా మళ్ళీ మళ్ళీ కొలవాలి. న్యూట్రాన్ ప్రోబ్ చేసేది అదే: చేలో పాతిన గొట్టంలోకి దాన్ని దించి, న్యూట్రాన్లు లెక్కించి ఏ లోతున ఎంత తేమో తేలుస్తారు.

ఇది వ్యవసాయ కళాశాలల్లో, పరిశోధన కేంద్రాల్లో, నీటిపారుదల ప్రయోగాల్లో పనిచేసేవాళ్ళకు. రైతు సొంతంగా కొనుక్కునే సాధనం కాదు, కొననివ్వరు కూడా. లోపల రేడియోధార్మిక సోర్స్ ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మీటరు చూపించే అంకె గురించి అందరూ బెంగపడతారు. నిజానికి తప్పులన్నిటిలో చిన్నది అదే. పెద్దవి రెండు: గొట్టం దించడంలో జరిగేది, క్యాలిబ్రేషన్‌లో, అంటే మీటరు అంకెను తేమగా మార్చే సమీకరణం కట్టడంలో జరిగేది. అందుకే ఇక్కడ కూడా ఎక్కువ చోటు ఆ రెంటికే.

లోపల జరిగేది

ప్రోబ్ కొసన అమెరిషియం-241, బెరీలియం పొడుల మిశ్రమం సీలు చేసిన స్టీలు గుళికలో ఉంటుంది. అమెరిషియం విడిచే ఆల్ఫా కణం బెరీలియం-9కు తగిలితే కార్బన్-12గా మారి ఒక న్యూట్రాన్ బయటికొస్తుంది. సగటు శక్తి 4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల పైమాటే. 50 మిల్లీక్యూరీల సోర్స్, అంటే 1.85 గిగాబెక్వెరెల్, సెకనుకు లక్ష పైచిలుకు న్యూట్రాన్లు విడుస్తుంది. 10 మిల్లీక్యూరీలతో నడిచే మీటర్లూ ఉన్నాయి. వాటితో కౌంటు (మీటరు లెక్కించే న్యూట్రాన్ల సంఖ్య) తక్కువ వస్తుంది, ఎక్కువసేపు లెక్కించాలి.

వేగంగా వచ్చిన న్యూట్రాన్ మట్టిలో పరమాణువులను ఢీకొంటూ నెమ్మదిస్తుంది. 2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి గది ఉష్ణోగ్రత వేగానికి దిగడానికి హైడ్రోజన్‌తో అయితే సగటున 18 ఢీలు చాలు. ఆక్సిజన్‌తో 150, సిలికాన్‌తో 260 దాకా కావాలి. మట్టిలో హైడ్రోజన్ ఎక్కువగా ఉండేది నీటిలోనే. కాబట్టి సోర్స్ చుట్టూ నెమ్మదించిన న్యూట్రాన్ల గుంపు ఎంత దట్టంగా ఉంటే అంత నీరున్నట్టు. ఆ నెమ్మదించినవాటిని పట్టి లెక్కించేది ప్రోబ్‌లోనే ఉన్న హీలియం-3 వాయువు డిటెక్టరు. న్యూట్రాన్‌ను మింగిన హీలియం-3 ఒక ప్రోటాన్‌గా, ఒక ట్రైటియం కేంద్రకంగా విడిపోయి 764 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు విడుదల చేస్తుంది. అది ఒక పల్సు. పాత మీటర్లలో హీలియం-3 బదులు బోరాన్ ట్రైఫ్లోరైడ్ వాయువు ఉండేది. అది విషవాయువు కాబట్టి పగిలిన పాత డిటెక్టరును ముట్టుకోకండి.

ప్రోబ్ చూసే మట్టి ఒక గోళం. దాని వ్యాసార్ధానికి వాడుకలో ఉన్న సూత్రం: 15 సెంటీమీటర్లను ఘనపరిమాణ తేమ (మట్టి పరిమాణంలో నీటి వంతు) ఘనమూలంతో భాగించాలి. తేమ 0.40 ఉన్న తడి బంకమట్టిలో 20 సెం.మీ., 0.10 ఉన్న పొడి మట్టిలో 32 సెం.మీ. అంటే నేల ఆరేకొద్దీ మీరు కొలిచే ముద్ద పెద్దదవుతుంది. 5 సెంటీమీటర్ల సన్నని పొరలో తేమ తెలుసుకోవాలనుకుంటే ఈ సాధనం పనికిరాదు.

చేతికి రాకముందు

ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి లేకుండా సోర్స్ ఉన్న మీటరు కొనకూడదు, ఇంకో సంస్థ నుంచి అరువు తెచ్చుకోకూడదు. దరఖాస్తు దాని ఆన్‌లైన్ పోర్టల్ ఈ-లోరా ద్వారా వెళ్ళాలి. ఏఈఆర్‌బీ ఆమోదం ఉన్న రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సంస్థలో ఉండాలి. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ విషయంలో చాలామంది పొరబడతారు: మామూలు టీఎల్‌డీ బ్యాడ్జీ గామా, బీటా, ఎక్స్ కిరణాలకే. వేగవంతమైన న్యూట్రాన్లకు సీఆర్-39 ప్లాస్టిక్ రేకున్న బ్యాడ్జీ వేరే అడిగి తెప్పించుకోవాలి.

భయపడాల్సినంత ఉందా అంటే, 1.85 గిగాబెక్వెరెల్ సోర్స్ కవచం లేకుండా బయట ఉంటే ఒక మీటరు దూరంలో న్యూట్రాన్ డోసు గంటకు సుమారు 1.2 మైక్రోసీవర్టులు. 10 సెంటీమీటర్లకు వస్తే వంద రెట్లు. దూరమే ఇక్కడ కవచం. సోర్స్ కొసను వేళ్ళతో పట్టుకుని తుడవడం, వంగి ముఖం దగ్గరగా పెట్టి చూడడం తప్ప మిగతా పనంతా భద్రంగా చేసుకోవచ్చు. మీటరును ఒళ్ళో పెట్టుకుని ప్రయాణించకండి. బస్సులో, ఆటోలో అసలే వద్దు. వ్యాన్ వెనక, తాళం వేసి, కదలకుండా కట్టి తీసుకెళ్ళాలి. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు దాటితే దారి కలిసొస్తుంది కానీ జనం మధ్య దాన్ని పంటెక్కించడం కన్నా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవడం మేలు.

నిల్వ గది పై అంతస్తులో ఉండాలి. లంక ఊళ్ళలో, ఏటిగట్టు పక్క కింది గదిలో పెడితే జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏ వరదకైనా మునుగుతుంది. కవచం పాలిథీన్, అది తేలుతుంది. తాళం వేసిన పెట్టె ఏటిలో కొట్టుకుపోయిందని రాయాల్సిన ఫిర్యాదు చాలా పొడుగ్గా ఉంటుంది.

గొట్టం

అల్యూమినియం మంచిది. న్యూట్రాన్లను తక్కువగా మింగుతుంది, తుప్పు తక్కువ. ఇనుప గొట్టం కౌంటు తగ్గిస్తుంది, అయినా క్యాలిబ్రేషన్ దానితోనే చేస్తే నడుస్తుంది. పీవీసీలో క్లోరిన్ ఉంది. అది న్యూట్రాన్లను ఆబగా మింగుతుంది, తేమ మార్పు మీద సున్నితత్వం పడిపోతుంది. చవకగా దొరుకుతుందని పీవీసీ తెచ్చి కొన్ని చేలలో అల్యూమినియం, కొన్ని చేలలో పీవీసీ వేస్తే రెంటినీ ఎన్నటికీ పోల్చలేరు. ఏది వాడినా ప్రయోగమంతా ఒకటే వాడండి, ఒకటే మందం. ప్రోబ్‌కీ గొట్టం లోపలి గోడకీ మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు.

పొడవు ఇలా లెక్కేసుకోండి. 90 సెం.మీ. దాకా రీడింగు కావాలంటే భూమిలో 110 సెం.మీ. ఉండాలి, ప్రోబ్ కొస డిటెక్టరు మధ్యబిందువు కన్నా కిందికి ఉంటుంది కాబట్టి. పైన మామూలు చేలో 15 సెం.మీ. చాలు. వరి పొలంలో నీళ్ళు నిలుస్తాయి, వాన పడితే గట్టు దాకా వస్తాయి, అందుకని 30 సెం.మీ. మొత్తం 1.4 మీటర్లు. అన్ని గొట్టాలూ నేల మట్టం నుంచి ఒకే ఎత్తు ఉండాలి, లేదంటే కేబుల్ మీద లోతు గుర్తులు ప్రతి గొట్టానికీ మారిపోతాయి.

అడుగు మూత డెల్టాలో అతి ముఖ్యం. భూగర్భ జలం చాలాచోట్ల మీటరు లోతులోనే ఉంటుంది. అల్యూమినియం బిళ్ళను అడుగున పెట్టి ఎపాక్సీతో మూసి, రెండు రోజులు ఆరనిచ్చి, గొట్టాన్ని నీళ్ళ డ్రమ్ములో ఒక రాత్రి ముంచి చూడండి. లోపల చుక్క కనిపిస్తే మళ్ళీ మూయండి. చేలో దించాక కారడం మొదలైతే తీసి బాగుచేయడం కుదరదు, ఆ చోటు వదులుకోవాల్సిందే.

దించడం

బంకనేలలో, అంటే భీమవరం, తణుకు, రామచంద్రపురం వైపు చేలలో, గొట్టం బయటి వ్యాసం కన్నా ఒక మిల్లీమీటరు తక్కువ ఉండే ఆగర్‌తో (మట్టిని తొలిచే బరమాతో) ముందు రంధ్రం తీసి, మూసిన గొట్టాన్ని బిగుతుగా నొక్కి దించాలి. పైన చెక్కదిమ్మ పెట్టి మెల్లగా కొట్టవచ్చు. సుత్తితో నేరుగా కొడితే మూతి వంగి ప్రోబ్ దిగదు. ఆగర్ నిట్టనిలువుగా దిగడానికి పైన రంధ్రమున్న చెక్కపలక ఒకటి గైడుగా పెట్టుకోండి. ప్రతి 15 సెంటీమీటర్లకూ తీసిన మట్టిని వేరుగా సంచిలో వేసి లోతు రాయండి. రేపు ఏదో ఒక లోతున కౌంటు వింతగా వస్తే జవాబు ఆ సంచిలో దొరుకుతుంది.

లంక భూముల్లో, ఇసుక పొరల్లో ఈ పద్ధతి పనిచేయదు. నీటిమట్టం తగిలాక రంధ్రం కూలిపోతుంది, ఇసుక కింది నుంచి ఉబికి వస్తుంది. అక్కడ అడుగు తెరిచిన గొట్టాన్ని ముందు 10 సెం.మీ. నొక్కి, లోపలి నుంచి సన్న ఆగర్‌తో ఆ మేర మట్టి తీసి, మళ్ళీ 10 సెం.మీ. నొక్కుతూ పోవాలి. అనుకున్న లోతుకు చేరాక లోపలికి దించి బోల్టు తిప్పితే వ్యాకోచించే రబ్బరు బిరడాతో అడుగు మూసి, నీరు తోడి, బట్టతో తుడవాలి. ఆలస్యం చేస్తే ఇసుక లోపలికెక్కి బిరడా కూర్చోదు.

గొట్టం చుట్టూ ఖాళీ మిగిలితే రెండు విధాల నష్టం. ఎండాకాలంలో అక్కడ గాలి ఉండి తేమ తక్కువ చూపిస్తుంది. తడి పెట్టినప్పుడు నీరు గొట్టం వెంబడి జారి లోతుకు పోయి, పంట తాగని నీటిని తాగినట్టు లెక్క చూపిస్తుంది. ఖాళీని మట్టి బురదతో నింపమని కొన్ని చోట్ల రాస్తారు. గరప నేలలో అది చెల్లుతుంది. డెల్టా నల్లమట్టిలో వద్దు. ఆ బురద ఆరగానే కుంచించుకుని, సరిగ్గా గొట్టం చుట్టూనే బీట తీస్తుంది. ఖాళీ మిగిలిందంటే రంధ్రం పెద్దదైందన్నమాట, రెండడుగులు జరిగి కొత్తది తీయండి.

మార్చిలో నేల బీటలు వారినప్పుడు గొట్టం దగ్గర వంగి చూడండి. బీట గొట్టాన్ని తాకితే ఆ రోజు నుంచి ఆ గొట్టం రీడింగులు పక్కన గుర్తుపెట్టి రాయండి. కొట్టేయకండి, కానీ సగటులో కలపకండి.

దించడానికి మంచి అదను వరి కోశాక నేల మెత్తగా ఉన్నప్పుడు. ఒకటి రెండు వానలో తడులో పడి మట్టి సర్దుకున్నాకే రీడింగులు నమ్మాలి. కోత యంత్రం వచ్చే చేలో ప్రతి గొట్టం పక్కన ఎర్రగుడ్డ కట్టిన వెదురు పాతండి. దాన్నీ తొక్కేసే డ్రైవర్లుంటారు కాబట్టి కోత రోజు మనిషి ఉండాలి. మూతలు బిగుతుగా ఉండాలి, లేదంటే చీమలు, కప్పలు చేరతాయి. గట్టు దగ్గర గొట్టాలు వేయకండి, పీతబొరియల వల్ల అక్కడ నీటి దారి పొలంలో నీటి దారిలా ఉండదు.

కొబ్బరి తోటలో చెట్టుకు మీటరు దూరంలో ఒకటి, రెండు మీటర్ల దగ్గర ఇంకొకటి వేస్తే పాదు లోపల, అంచున తేడా తెలుస్తుంది. చెట్టు మొదటికి మరీ దగ్గరగా వేస్తే వేళ్ళలో ఉన్న నీరు, పీచు కూడా హైడ్రోజనే, అదీ కౌంటులోకి వస్తుంది.

స్టాండర్డ్ కౌంటు

ఎలక్ట్రానిక్స్ చూపే అంకె వేడికి, వయసుకు కొద్దిగా పక్కకు జరుగుతుంది. అందుకే ఏ కౌంటునీ ఒంటరిగా వాడరు. ఎప్పుడూ మారని ఒక చోట తీసిన కౌంటుతో భాగించి నిష్పత్తి వాడతారు. అమెరిషియం అర్ధాయువు 432 ఏళ్ళు, సోర్స్ తగ్గిందన్న అనుమానం అక్కర్లేదు. స్టాండర్డ్ పడిపోతే తప్పు డిటెక్టరులోనో బ్యాటరీలోనో ఉంటుంది.

మీటరు కవచంలోనే స్టాండర్డ్ తీయవచ్చు. కానీ అది కింద ఉన్న నేల, పక్కన ఉన్న వ్యాన్, మనిషి కాళ్ళు అన్నిటికీ కాస్త స్పందిస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా మంచినీళ్ళు పోసి, మధ్యలో అడుగు మూసిన అదే రకం గొట్టాన్ని నిలబెట్టి, సగం లోతున ప్రోబ్ దించడం మేలు. నీటిలో గోళం వ్యాసార్ధం 15 సెం.మీ., డ్రమ్ము గోడ మధ్య నుంచి 28 సెం.మీ. దూరం, కాబట్టి బయట ఏమున్నా పట్టదు. బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్ళో కాలువ నీరు పోయండి.

8 సెకన్ల కౌంట్లు 32 తీయండి. సగటు తీసి, ప్రామాణిక విచలనాన్ని సగటు వర్గమూలంతో భాగించండి. ఒకటికి దగ్గరగా రావాలి, 0.75 నుంచి 1.25 మధ్య ఉంటే సరే. ఎక్కువ వస్తే కేబుల్ కనెక్టరులో తేమ చేరిందేమో చూడండి, డెల్టా ఉక్కలో తరచూ అదే. మరీ తక్కువ వచ్చినా అనుమానించాలి. ఇంకో సంగతి, కొన్ని మీటర్లు ఎంతసేపు లెక్కించినా 16 సెకన్లకు సర్దిన అంకె చూపిస్తాయి. అలాంటప్పుడు అసలు కౌంటుకు మార్చుకున్నాకే వర్గమూలం తీయాలి. లేదంటే బాగున్న మీటరు కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది.

క్యాలిబ్రేషన్

తయారీదారు ఇచ్చిన సమీకరణం ఏదో దేశపు ఇసుకతో చేసినది. దాన్ని మార్టేరు చుట్టుపక్కల బంకనేలకు వాడకండి. మార్టేరులో చేసినదాన్ని అల్లవరం తీరానికి వాడకండి. బంకమట్టి రేణువుల్లో పట్టుబడిన నీరు 105 డిగ్రీల ఓవెన్‌లో పోదు, కానీ న్యూట్రాన్‌కు అదీ నీరే. సేంద్రియ పదార్థంలో హైడ్రోజన్ ఉంది. మట్టి సాంద్రత పెరిగినా కౌంటు పెరుగుతుంది. డెల్టా వరి చేలో దమ్ము వల్ల 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య గట్టిపొర ఉంటుంది. ఆ పొర కౌంటు పైదాని కన్నా ఎక్కువ ఉంటే అందులో కొంత తేమది కాదు, సాంద్రతది.

చేలో చేసే పద్ధతి: క్యాలిబ్రేషన్ కోసమే వేరుగా కొన్ని గొట్టాలు దించండి. ప్రతి లోతున నిమిషం కౌంటు తీసిన వెంటనే గొట్టం పక్కన గుంట తవ్వి, ఆ లోతున నాలుగు వైపులా 100 ఘన సెం.మీ. స్టీలు రింగులతో మట్టి తీయండి. వెంటనే మూతపెట్టి, అక్కడే తూచండి. 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఎండబెట్టమంటారు. మన బంకమట్టికి 48 గంటలు పెట్టి, రెండు తూకాల మధ్య మార్పు ఆగిందో లేదో చూసుకోండి. పోయిన బరువును రింగు పరిమాణంతో భాగిస్తే ఘనపరిమాణ తేమ. రింగును సుత్తితో బాదితే తడి మట్టి అణిగి, 0.42 ఉండాల్సింది 0.45 అవుతుంది. మెల్లగా నొక్కండి. ఉబ్బే మట్టికి ఎండినప్పుడు ఒక సాంద్రత, తడిసినప్పుడు ఒకటి. అందుకని బరువు తేమ ఒక రోజు, సాంద్రత ఇంకో రోజు కొలిచి గుణించడం చెల్లదు. రెండూ ఒకే రింగు నుంచి రావాలి.

ఇక డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు. కింది పొరలు ఏడాదంతా తడిగానే ఉంటాయి. నిష్పత్తికీ తేమకూ గీసే గ్రాఫులో 0.38 నుంచి 0.45 తేమ మధ్య బిందువులన్నీ గుంపుగా పడితే వాటి గుండా ఏ గీతైనా గీయవచ్చు. వాలు ఎంతో తెలియదు. ఎండిన కొస కావాలి. మెరక చేలో అదే మట్టి ఏప్రిల్‌లో దొరికితే అదృష్టం. దొరక్కపోతే కృత్రిమంగా నింపుకోవాలి. 200 లీటర్ల డ్రమ్ము ఇందుకు చాలదు, పొడి మట్టిలో గోళం 32 సెం.మీ. అయితే డ్రమ్ము వ్యాసార్ధం 28. నాలుగడుగుల సిమెంటు బావి వరలు సరిగ్గా సరిపోతాయి. ఒక మీటరు ఎత్తు వచ్చేలా పేర్చండి. అడుగున పాలిథీన్ పట్టా, మధ్యలో గొట్టం. అదే చేల మట్టిని నీడలో ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, తేమ కొలిచి, 5 సెం.మీ. పొరలుగా నింపాలి. వర లోపలి వ్యాసం 1.2 మీటర్లు, కావాల్సిన సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు అయితే ఒక్కో పొరకు పొడి మట్టి 73.5 కిలోలు. బరువు ప్రకారం 8 శాతం తేమ ఉంటే తూచి పోయాల్సింది 79.4 కిలోలు. దాన్ని చెక్కదిమ్మిసతో సరిగ్గా 5 సెం.మీ. గీత దాకా అణచాలి. మొత్తం టన్నున్నర మట్టి, ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. విసుగు పుట్టిస్తుంది కానీ వాలు తేలేది ఇక్కడే.

ఇలా తడి బిందువులు, పొడి బిందువులు కలిపి గీత గీస్తే, నీటి డ్రమ్ము స్టాండర్డుతో ఒక బంకమట్టికి ఇలా వచ్చిందనుకుందాం: తేమ = 0.95 × నిష్పత్తి − 0.01. నిష్పత్తి 0.40 అయితే తేమ 0.37. 15 సెం.మీ. లోతున తీసే రీడింగుకు వేరే సమీకరణం కట్టాలి, అక్కడ న్యూట్రాన్లు గాలిలోకి తప్పించుకుపోతాయి. దానికన్నా పైన ఈ మీటరును వాడకండి, మట్టి తీసి తూచుకోండి. వరి చేలో నీళ్ళు నిలిచి ఉంటే పై రీడింగు మట్టిది కాదు, నీటిది.

ఉప్పు

తీరం వెంబడి అంతర్వేది, అల్లవరం, కాట్రేనికోన చేలలో, రొయ్యల చెరువు గట్టు పక్క పొలాల్లో ఉప్పు పెరిగితే మీటరు నేల ఆరిందంటుంది. కారణం క్లోరిన్. నెమ్మదించిన న్యూట్రాన్‌ను హైడ్రోజన్ మింగే అవకాశం 0.33 బార్న్ (ఆ అవకాశాన్ని కొలిచే ప్రమాణం), క్లోరిన్‌కు 33.5. అంటే పరమాణువుకు పరమాణువు నూరు రెట్లు. లెక్క వేసి చూడండి: లీటరుకు 19 గ్రాముల క్లోరైడ్ ఉన్న సముద్రపు నీటిలో క్లోరిన్ మింగేది, అదే నీటిలో హైడ్రోజన్ మింగేదానిలో దాదాపు సగం. లీటరుకు 2 గ్రాములుంటే 5 శాతం. ఆ 5 శాతాన్ని క్యాలిబ్రేషన్ సర్దుకుంటుంది. కానీ ఫిబ్రవరిలో 2 గ్రాములున్నది ఏప్రిల్‌లో 8 అయితే, మధ్యలో పంట తాగిందని మీరు రాసిన నీటిలో కొంత అసలు తాగనే లేదు.

మందు ఒకటే. రీడింగు తీసినప్పుడల్లా పక్కన చిన్న ఆగర్‌తో మట్టి తీసి విద్యుత్ వాహకత కొలిచి, రీడింగు పక్కనే రాయండి. వాహకత రెట్టింపయిన చోట పాత సమీకరణాన్ని ఆపి ఆ మట్టికి వేరేది కట్టండి.

ఇదే చిక్కు అణు విద్యుత్ కేంద్రాల్లోనూ ఉంది. వాడేసిన ఇంధనాన్ని కోయకుండా, అది ఎంత కాలిందో తెలుసుకోవడానికి నీటి కొలనులో దాని చుట్టూ డిటెక్టర్లు పెట్టి న్యూట్రాన్లు లెక్కిస్తారు. కొలను నీటిలో బోరాన్ కలిపి ఉంటే కౌంటు పడిపోతుంది, దాని గాఢత కొలిచి సవరించాలి. మన చేలో క్లోరిన్ చేసే పని అక్కడ బోరాన్-10 చేస్తుంది.

రీడింగు, లెక్క

చేలోకి వెళ్ళగానే ముందు గొట్టంలోకి గుడ్డ చుట్టిన కర్ర దించి తడి ఉందేమో చూడండి. తడి ఉంటే తుడవండి. లోపల తేమ పట్టకుండా సిలికా జెల్ సంచి వేలాడదీసి ఉంటే బయటికి తీయడం మరవొద్దు, అది పీల్చిన నీరూ కౌంటవుతుంది. మీటరును మూతి మీద కూర్చోబెట్టి, కేబుల్ స్టాపుల ప్రకారం 15, 30, 45, 60, 75, 90 దగ్గర ఆపి కౌంటు తీయండి. ప్రతి గొట్టం తర్వాత ప్రోబ్ కవచంలోకి వచ్చి తాళం పడిందో లేదో చేత్తో లాగి చూడండి.

ఎంతసేపు లెక్కించాలి? నీటి డ్రమ్ములో నిమిషానికి 30,000, చేలో 12,000 వచ్చిందనుకుందాం. 12,000 వర్గమూలం 110. తేమలో అనిశ్చితి 0.0035, 15 సెం.మీ. పొరలో అర మిల్లీమీటరు నీరు. 15 సెకన్లే తీస్తే ఒక మిల్లీమీటరు. అదే చేలో పదడుగుల దూరంలో రెండు గొట్టాల మధ్య తేడా దీనికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఒక గొట్టంలో నాలుగు నిమిషాలు కూర్చోవడం కన్నా నాలుగు గొట్టాల్లో నిమిషం చొప్పున తీయండి.

మినుము చేలో ఇరవై రోజుల తేడాతో నిష్పత్తులు ఇలా ఉన్నాయనుకోండి. మొదటిసారి పై నుంచి కిందికి 0.43, 0.44, 0.45, 0.45, 0.46, 0.46. రెండోసారి 0.33, 0.38, 0.42, 0.44, 0.46, 0.46. తేడాలను 0.95తో గుణించాలి. సమీకరణంలోని ఆ 0.01 తీసివేతలో పోతుంది. అంటే వాడకం లెక్కలో వాలు ఒక్కటే ముఖ్యం. లెక్క తేలిక కోసం పైపొరకూ అదే సమీకరణం వాడుతున్నాం. మొదటి రీడింగు నేల పైనుంచి 22.5 సెం.మీ. దాకా, మిగతావి ఒక్కొక్కటి 15 సెం.మీ. వచ్చేవి: 21.4, 8.6, 4.3, 1.4 మిల్లీమీటర్లు, కింద రెండూ సున్నా. మొత్తం 35.6, రోజుకు 1.8. కౌంటింగ్ వల్ల అనిశ్చితి మొత్తం మీద 2 మిల్లీమీటర్లే. వాలులో 20 శాతం తప్పుంటే 7 మిల్లీమీటర్లు. బావి వరలో టన్నున్నర మట్టి ఎందుకు తొక్కించామో ఇక్కడ తెలుస్తుంది.

ఆ 35.6ను పంట తాగిన నీరని రాసేముందు నీటిమట్టం చూడాలి. 75, 90 దగ్గర మార్పు లేదంటే వేళ్ళు అక్కడి నీరు తీసుకోలేదని కాదు. మీటరున్నర లోతులో ఉన్న భూగర్భ జలం, తీసుకున్నంతా కింది నుంచి నింపుతుండవచ్చు. గొట్టాల పక్కన రెండు మీటర్ల చిల్లుల పైపు ఒకటి దించి, ప్రతి రీడింగుతోపాటు నీటిమట్టం రాయండి. మట్టం దిగుతుంటే, తేమ మారకపోతే, వాడకం మీ అంకె కన్నా ఎక్కువే.

ఇరుక్కుంటే, మునిగితే

ప్రోబ్ గొట్టంలో ఇరుక్కుంటే కేబుల్ పట్టి బలంగా లాగకండి, అది తెగితే సోర్స్ నేలలో మిగిలిపోతుంది. చుట్టూ మనుషుల్ని దూరం జరిపి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, చోటు విడవకుండా ఉండండి. సాధారణంగా ఇరుక్కునేది వంగిన మూతి వల్లో, లోపల చేరిన ఇసుక వల్లో. మీటరు స్టాండు తీసి, గొట్టం చుట్టూ తవ్వి, గొట్టంతో సహా బయటికి తీయాల్సి వస్తుంది. అది సేఫ్టీ ఆఫీసర్ ఎదురుగానే జరగాలి. వరదలో మునిగిన గొట్టాలను నీరు తీశాక ముందు డమ్మీ కర్రతో పరీక్షించండి, అడుగున ఒండ్రు కూర్చుని ఉంటుంది.

మీటరు పాతబడి మూలపడితే, సోర్స్ మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. పాత సామాను వేలంలో దాన్ని కలపనివ్వకండి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరిన కోబాల్ట్-60 వల్ల ఒకరు చనిపోయారు. స్టాకు రిజిస్టరులో సోర్స్‌ను మీటరు కింద కాకుండా వేరే పద్దుగా, గుళిక నంబరుతో రాసి, ఏఈఆర్‌బీ అనుమతితో సరఫరాదారుకు తిప్పి పంపి, అందినట్టు కాగితం వచ్చేదాకా ఆ పద్దు మూయకండి.